చెవి కారుతున్న లాబ్రడార్: చెరువు మీద వేసిన నింద, పాదాల్లో దొరికిన ఆధారం

కుక్కకు చెవి కారుతోందంటే చెవిలో మందు వేయడం, తగ్గిందంటే మరిచిపోవడం మా పశువైద్య వృత్తిలో చాలామందికి అలవాటు. నేనూ అందుకు మినహాయింపు కాదని ఈ కేసు రుజువు చేసింది. భీమవరం పరిసరాల్లో రొయ్యల చెరువులున్న ఒక రైతు కుటుంబం పెంచుకుంటున్న లాబ్రడార్ ఇది. మగకుక్క, వయసు నాలుగేళ్ళు, బరువు 32 కిలోలు. ఐదు నెలల వ్యవధిలో ఇదే చెవి సమస్యతో మూడుసార్లు నా దగ్గరికి వచ్చింది. మొదటి రెండుసార్లు నేను చెవికి మాత్రమే వైద్యం చేశాను. మూడోసారి వచ్చేసరికి కుడి కర్ణభేరి చిల్లు పడి ఉంది.

మొదటి రెండు రాకలు

జులైలో మొదటిసారి వచ్చినప్పుడు కుక్క తల విదిలిస్తోందని, రెండు చెవులూ గోక్కుంటోందని చెప్పారు. చెవి డొప్ప లోపలి వైపు ఎర్రగా కంది ఉంది. రెండు చెవుల్లోనూ జిడ్డుగా, గోధుమ రంగు గులిమి ఉంది. చెవి లోపలికి చూసే ఓటోస్కోపులో చెవి కాలువ కొద్దిగా ఉబ్బినట్టు కనిపించినా కర్ణభేరి రెండు వైపులా చెక్కుచెదరకుండా ఉంది. ఆ రోజు ఓపీ రద్దీగా ఉంది. గులిమిని స్లైడు మీదికి తీసి చూడకుండానే జెంటామైసిన్, క్లోట్రిమజోల్, బీటామెథసోన్ కలిసిన చుక్కల మందు పది రోజులకు రాసిచ్చాను. ఇంటివాళ్ళు నాలుగు రోజులు వేసి, గోకడం ఆగగానే మానేశారు. మానేసినందుకు వాళ్ళను తప్పుపట్టలేను. పది రోజులూ ఎందుకు వేయాలో, మళ్ళీ చూపించడానికి ఎందుకు రావాలో నేను చెప్పలేదు.

సెప్టెంబరులో మళ్ళీ వచ్చారు. ఈసారి వాసన ఎక్కువగా ఉంది, కుడి చెవిని ముట్టుకుంటే కుక్క తల తిప్పేసుకుంటోంది. "ఎప్పుడూ చెరువులో పడి ఈత కొడతాడండి, నీళ్ళు పోయే ఇలా అవుతోందంటారా డాక్టర్ గారూ?" అని రైతు అడిగితే, నేనూ అవునన్నాను. చెరువులోకి దిగనివ్వవద్దని చెప్పి, అదే మందు మళ్ళీ రాసిచ్చాను. చెరువు మీద నింద వేయడం ఇద్దరికీ సులువుగా అనిపించింది. ఆ తరువాత తెలిసిన సంగతి ఏమిటంటే, నవంబరులో మళ్ళీ చీము మొదలైనప్పుడు పాత చీటీ చూపించి మందుల షాపులో అదే సీసా మరో రెండుసార్లు కొన్నారు. మధ్యలో వెల్లుల్లి వేసి కాచిన నూనె కూడా పోశారు. మన ఇళ్ళలో చెవిపోటుకు ఇది పాత అలవాటే కనుక ఆశ్చర్యపోనక్కర్లేదు. అయితే పుండు పడిన చెవి కాలువలో నూనె చేరితే గులిమి, చీము దానిలో కలిసి మేకులా గట్టిపడి, పైన వేసిన ఏ మందూ లోపలికి దిగదు.

మూడో రాక

డిసెంబరు మొదటి వారంలో తీసుకొచ్చినప్పుడు కుక్క తల కుడి వైపుకు వాల్చి నిలబడింది. నడకలో తూలు లేదు, కళ్ళు అదరడం లేదు, కుడి కనురెప్ప గానీ పెదవి గానీ జారలేదు. కాబట్టి లోపలి చెవి, ముఖ నరం ఇంకా దెబ్బతినలేదని అనుకోవడానికి వీలుంది. నోరు తెరవబోతే మాత్రం కుయ్యిమంది. దవడ కీలుకు ఆనుకుని ఉండే మధ్య చెవి ఎముక గుల్లలో వాపు ఉన్నప్పుడు ఇలా జరుగుతుంది కాబట్టి, ఆ ఒక్క అరుపు నాకు ఓటోస్కోపు కంటే ఎక్కువ చెప్పింది. ఎడమ వైపు నుంచి చిటిక వేస్తే చెవి కదిపింది, కుడి వైపు నుంచి వేస్తే కదపలేదు.

వాసన గురించి ఇక్కడ చెప్పాలి, ఎందుకంటే దాన్ని మొదట సరిగ్గా పట్టింది నేను కాదు. రైతు తల్లిగారు కుక్కను రోజూ దగ్గరకు తీసుకునే మనిషి. "మొదట్లో పులిసిపోయిన పిండి వాసన వచ్చేదండి, ఈ పది రోజులుగా తియ్యగా కుళ్ళిన వాసన వస్తోంది" అన్నారు. మలసేజియా అనే ఈస్టు పెరిగిన చెవికి పులిసిన వాసన ఉంటుంది. సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా చేరిన చెవికి తీపి కలిసిన కుళ్ళు వాసన ఉంటుంది. వాసనను బట్టి మందు రాయకూడదు గానీ, వాసన మారిందంటే లోపల ఉన్న సూక్ష్మజీవి మారి ఉండవచ్చని అనుమానించాలి. ఆమె ఒక్క మాటలో చెప్పింది సరిగ్గా అదే.

ఈసారి ముందు స్లైడు తీశాను. చెవి కాలువ మలుపు దాకా దూదిపుల్లను పోనిచ్చి, గుండ్రంగా తిప్పి, ఎడమ చెవిది ఒక స్లైడు మీద, కుడి చెవిది వేరే స్లైడు మీద దొర్లించి, డిఫ్-క్విక్ తరహా రంగులు వేసి చూశాను. మొత్తం నాలుగైదు నిమిషాల పని. ఎడమ చెవి స్లైడులో 400 రెట్ల పెద్దదిగా చూస్తే ఒక్కో ఫీల్డుకు, అంటే మైక్రోస్కోపులో ఒకసారికి కనిపించే మేరకు, 12 నుంచి 15 దాకా మలసేజియా కణాలు, నడుము నొక్కిన వేరుశనగ కాయల్లా కనిపించాయి. కుక్క చెవిలో ఈ ఈస్టు సహజంగానే ఒకటి రెండు ఉంటుంది. ఫీల్డుకు సగటున ఐదు దాటితే అసాధారణమని, బ్యాక్టీరియా విషయంలో ఇరవై ఐదు దాటితే అసాధారణమని లెక్క. కుడి చెవి స్లైడులో ఈస్టు ఒక్కటి కూడా లేదు. ఆయిల్ లెన్సు కింద లెక్కపెట్టలేనన్ని కడ్డీ ఆకారపు బ్యాక్టీరియా, వాటిని మింగి పగిలిపోతున్న న్యూట్రోఫిల్ అనే తెల్ల రక్తకణాలు ఉన్నాయి. ఒకే కుక్క, ఒకే రోజు, రెండు చెవుల్లో రెండు వేర్వేరు రోగాలు. ఒకే సీసాలోని మందు రెంటికీ పనిచేయదని ఆ రెండు స్లైడులు పక్కపక్కన పెట్టి చూపించగానే రైతుకు అర్థమైంది. గుండ్రటి బ్యాక్టీరియా (కాకై) అయితే లెక్క చూసుకోవలసిన విషయమే గానీ, కడ్డీలు కనిపిస్తే మాత్రం లెక్కతో పని లేకుండా తీవ్రంగా తీసుకోవాలన్నది నా అభిప్రాయం.

మత్తులో చూసినది

నొప్పితో ఉన్న కుక్క చెవిలోకి మెలకువగా ఉండగా గొట్టం పెట్టడం దానికీ మనకూ శిక్షే. మరునాడు పూర్తి మత్తు ఇచ్చి, శ్వాసనాళంలో గొట్టం అమర్చి, దాని చుట్టూ ఉండే బుడగ నింపిన తరువాతే కడగడం మొదలుపెట్టాను. ఈ గొట్టం విషయంలో అశ్రద్ధ పనికిరాదు. కర్ణభేరి చిల్లు పడి ఉంటే చెవిలో పోసిన నీరు యూస్టేషియన్ నాళం గుండా గొంతులోకి దిగి, అక్కడి నుంచి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదముంది. మెత్తటి ఫీడింగ్ ట్యూబును 20 మిల్లీలీటర్ల సిరంజికి తగిలించి, గోరువెచ్చని సెలైన్ మాత్రమే వాడాను. కర్ణభేరి సంగతి తేలనంతవరకు సెలైన్ తప్ప మరే ద్రావణమూ చెవిలో పోయకూడదు. రెండో సిరంజి కుడి చెవిలో పోయగానే కుక్క కుడి ముక్కు రంధ్రంలోంచి బుడగలతో సెలైన్ బయటికి వచ్చింది. కర్ణభేరి పోయిందని తెలుసుకోవడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

కుక్క చెవి కాలువ మొదట నిట్టనిలువుగా కిందికి దిగి, తరువాత అడ్డంగా లోపలికి తిరుగుతుంది. ఆ మలుపు దగ్గర పోగైన చీముముద్ద, నూనెతో గట్టిపడిన గులిమి బయటికి రావడానికి అరగంటకు పైగా పట్టింది. కడిగాక చూస్తే అడ్డ కాలువ గోడల నిండా ఎర్రటి పుండ్లు, లోపలి చర్మం ఉబ్బి కాలువ సగానికి సగం ఇరుకై ఉంది. బయటి నుంచి కాలువ మృదులాస్థిని వేళ్ళతో నొక్కితే ఇంకా వంగుతోంది. అది రాయిలా గట్టిపడి ఉంటే మందులతో లాభం లేదని, కాలువ మొత్తాన్నీ తీసివేసే శస్త్రచికిత్స గురించి మాట్లాడవలసి వచ్చేది. అదే మత్తులో నోరు తెరిచి పెట్టి ఎక్స్‌రే తీశాం. కుడి ఎముక గుల్ల కాస్త మసకగా ఉంది. ఎక్స్‌రే మామూలుగా కనిపించినా మధ్య చెవి బాగున్నట్టు కాదు. సీటీ స్కాన్ అయితే స్పష్టంగా చెబుతుంది గానీ దానికోసం దూర నగరానికి వెళ్ళాలి, ఈ కేసులో ఫలితం చికిత్సను మార్చేది కాదు. ఏ సూక్ష్మజీవి ఉందో, అది ఏ మందుకు లొంగుతుందో తేల్చే కల్చర్ పరీక్ష కోసం కుడి చెవి లోతు నుంచి శాంపిల్ తీసి పంపాం.

కల్చర్‌లో సూడోమోనాస్ ఎరుజినోసా వచ్చింది. జెంటామైసిన్‌కు లొంగదని, సిప్రోఫ్లోక్సాసిన్‌కు, ఎమికాసిన్‌కు లొంగుతుందని నివేదిక. అంటే సూడోమోనాస్ చేరాక ఆ చెవిలో పోసినది పనిచేయని మందు. పైగా చిల్లు పడిన కర్ణభేరి గుండా మధ్య చెవిలోకి జెంటామైసిన్ దిగితే వినికిడికి, సమతూకానికి హాని జరగవచ్చు. ఆ చిటికెకు చెవి కదపకపోవడంలో చీము వాటా ఎంత, నేను రాసిన మందు వాటా ఎంత అన్నది విడదీసి చెప్పే పరీక్ష మా దగ్గర లేదు. ఇంకో మాట కూడా చెప్పాలి. ప్రయోగశాల ఇచ్చే 'లొంగుతుంది, లొంగదు' అన్న తీర్పు రక్తంలో చేరే మందు సాంద్రతను బట్టి ఇచ్చేది. చెవిలో నేరుగా వేసినప్పుడు సాంద్రత ఎన్నో రెట్లు ఎక్కువగా ఉంటుంది కాబట్టి ఆ తీర్పును అక్షరాలా పాటించనక్కర్లేదు. చిల్లు ఉన్న చెవికి ఏ మందు క్షేమం అన్నది మాత్రం నివేదిక చెప్పదు, వైద్యుడే ఆలోచించుకోవాలి.

చికిత్స

కుడి చెవికి రోజుకు రెండుసార్లు ట్రిస్-ఈడీటీఏ ద్రావణం పోసి, పదిహేను నిమిషాలు ఆగి, సిప్రోఫ్లోక్సాసిన్ చుక్కలు వేయమన్నాను. సూడోమోనాస్ బయటి పొరను పట్టి ఉంచే కాల్షియం, మెగ్నీషియం అయాన్లను ఈడీటీఏ లాగేసుకోవడంతో ఆ పొర సడలి మందు లోపలికి దూరుతుంది. అందుకే ఈ రెంటికీ మధ్య విరామం ముఖ్యం. క్లోర్‌హెక్సిడిన్ కలిపిన రకం కూడా దొరుకుతుంది గానీ కర్ణభేరి లేని చెవికి అది వద్దని, కలపనిదే తెప్పించాం. మధ్య చెవి కోసం ఎన్రోఫ్లోక్సాసిన్ మాత్రలు రోజుకు ఒకసారి 600 మిల్లీగ్రాములు, అంటే కిలోకు దాదాపు 19 మిల్లీగ్రాములు, నాలుగు వారాలు ఇచ్చాం. ఎదిగే వయసు కుక్కపిల్ల అయితే కీళ్ళ మృదులాస్థికి భయపడి ఈ మందు జోలికి పోయేవాడిని కాను. ఉబ్బిన కాలువ తెరుచుకోవడానికి ప్రెడ్నిసొలోన్ కిలోకు ఒక మిల్లీగ్రాము చొప్పున వారం రోజులు, తరువాత సగం చేసి, మూడు వారాల్లో మాన్పించాను. ఈ రోగంలో స్టెరాయిడ్ వేయడానికి జంకేవాళ్ళున్నారు. కాలువ మూసుకుపోయి ఉంటే ఎంత ఖరీదైన యాంటీబయాటిక్ అయినా గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. దాహం, ఆకలి, పదేపదే మూత్రం పెరుగుతాయని ముందే చెప్పి ఉంచాను. ఎడమ చెవికి కర్ణభేరి బాగుంది కాబట్టి మైకొనజోల్ ఉన్న మందు సరిపోయింది, రెండు వారాల్లో తేరుకుంది.

మందు పరిమాణం గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, ఎందుకంటే చాలా చెవుల వైద్యం ఇక్కడే దారి తప్పుతుంది. 'ఐదు చుక్కలు' అని రాస్తే లాబ్రడార్ చెవిలో అవి నిలువు కాలువ గోడకే అంటుకుని ఆగిపోతాయి. సూది లేని ఒక మిల్లీలీటరు సిరంజితో కొలిచి వేయమన్నాను. చెవి డొప్పను పైకీ బయటికీ లాగి పట్టుకుంటే కాలువ కాస్త తిన్నగా అవుతుంది. ద్రావణం పోశాక డొప్ప వదలకుండా, చెవి మొదట్లో దవడ పైభాగాన బొటనవేలు, చూపుడు వేలు మధ్య మెత్తగా నలపాలి. లోపల 'చిలక్ చిలక్' మని చప్పుడు వస్తే ద్రావణం దిగినట్టు. అర నిమిషం నలిపి వదిలి, కుక్క తల విదిలించే దాకా ఒక అడుగు వెనక్కి తగ్గి, బయటికి వచ్చినంత మేరకే దూదితో తుడవాలి. ఇయర్ బడ్స్ లోపల పెడితే మురికి బయటికి రాదు, మలుపు దగ్గరికి నెట్టబడుతుంది. ఇదంతా రైతు చేత నా ఎదుటే చేయించాను. మొదటిసారి ఆయన చొక్కా నిండా పడింది.

ఏడో రోజుకు కుక్క నోరు తెరవనిచ్చింది. స్లైడులో కడ్డీలు ఫీల్డుకు పది, ఇరవై దాకా తగ్గాయి. పద్నాలుగో రోజుకు రెండో మూడో ఉన్నాయి. తల వాల్పు మూడో వారంలో పోయింది. ఇరవై ఎనిమిదో రోజున ఒక్క కడ్డీ కూడా కనిపించలేదు గానీ మందు ఆపనివ్వలేదు. వారం వ్యవధిలో వరుసగా రెండు స్లైడులు శుభ్రంగా వస్తేనే ఆపాలన్నది నేను పెట్టుకున్న నియమం. ఆరో వారంలో ఓటోస్కోపులో కొత్త కర్ణభేరి కనిపించింది. పాతదానిలా పారదర్శకంగా లేదు, మందంగా తెల్లగా ఉంది, కానీ మూసుకుంది.

అసలు కారణం

ఈస్టు గానీ, సూడోమోనాస్ గానీ ఆరోగ్యంగా ఉన్న చెవిలోకి వాటంతట అవి వచ్చి రోగం పుట్టించవు. వాటికి దారి తెరిచే మూల కారణం వేరే ఉంటుంది. దాన్ని పట్టుకోకపోతే చెవి సమస్య మళ్ళీ వస్తుంది. చెరువు నీరే మూలం కాదని నాకు అనుమానం కలిగించింది చెరువు కావలిదారు పెంచుకునే ఊరకుక్క. ఈ లాబ్రడార్‌తో పాటు రోజూ అదే చెరువులో ఈదే ఆ కుక్క చెవులు శుభ్రంగా ఉన్నాయి. దానివి నిక్కబొడుచుకున్న చెవులు, గాలి ఆడుతుంది కాబట్టి ఈ పోలిక సరైన రుజువు కాదు. అయినా ప్రశ్న మాత్రం మిగిలింది. డిసెంబరులో, కుక్క మత్తులో ఉండగా, దాని పాదాలు తిరగేసి చూశాను. లేత పసుపు వెంట్రుకలు వేళ్ళ మధ్య తుప్పు రంగుకు తిరిగి ఉన్నాయి. అది ఎడతెగని నాకుడు వల్ల లాలాజలం చేసే మరక. చంకల్లో, పొట్ట కింద చర్మం ఎర్రగా ఉంది. అడిగితే, ఏడాదిన్నర వయసు నుంచే రాత్రిళ్ళు పాదాలు నాకుతుందని, అలవాటు అనుకున్నామని చెప్పారు. జులైలో నేను పాదాలు చూసి ఉంటే ఈ వ్యాసమే ఉండేది కాదు.

మిగిలిన కారణాలను త్వరగానే పక్కన పెట్టగలిగాం. చెవి పురుగులు సాధారణంగా కుక్కపిల్లల్లో, కాఫీ పొడి లాంటి నల్లటి గులిమితో వస్తాయి, స్లైడులో లేవు. గడ్డి ముల్లు ఉంటే ఒకే చెవిలో హఠాత్తుగా మొదలవుతుంది. కడిగినప్పుడు ఏమీ దొరకలేదు. పిడుదులకు నెలనెలా మందు నడుస్తోంది. స్టెరాయిడ్ మొదలుపెట్టక ముందే తీసిన రక్తంలో థైరాయిడ్ బాగానే ఉంది. మిగిలినవి ఆహార ఎలర్జీ, వాతావరణ ఎలర్జీ. ఈ రెంటినీ రక్త పరీక్షతో విడదీయడం కుదరదు. ఎనిమిది వారాలు ఆహారం మార్చి చూడడమొక్కటే మార్గం.

ఈ కుక్క చికెన్, గుడ్డు, చేప, మటన్, పెరుగు అన్నీ తిని ఉండడంతో కొత్త మాంసం ఏదీ మిగల్లేదు. అందుకని ప్రొటీన్‌ను సూక్ష్మంగా విడగొట్టిన హైడ్రొలైజ్డ్ ఆహారం తెప్పించారు. ఐదో వారంలో, కుక్క చెరువు గట్టు మీది షెడ్డుకు వెళ్ళిన ప్రతిసారీ కావలిదారు తన క్యారేజీలోంచి ఒక పెరుగన్నం ముద్ద పెడుతున్నాడని తేలింది. "పాపం బక్కచిక్కిపోతోందని పెట్టానండి" అన్నాడు. అతన్ని ఎవరూ ముందుగా పిలిచి చెప్పలేదు, తప్పు మాది. లెక్క మళ్ళీ మొదటి రోజు నుంచి మొదలైంది. ఇప్పుడు ఇంట్లోవాళ్ళతో పాటు కావలిదారుకూ, పక్కింటి పిల్లలకూ చెప్పాం. ఎనిమిది వారాలు నిక్కచ్చిగా నడిచినా దురద దాదాపు అలాగే ఉంది. పదికి ఏడు ఉన్నది ఆరుకు వచ్చిందని ఇంటివాళ్ళ అంచనా. దాంతో ఆహారం కాదని, వాతావరణంలోని ఎలర్జీ కారకాల వల్ల వచ్చే అటోపిక్ చర్మరోగమని నిర్ధారించాం.

దురదను అణిచే ఒక్లాసిటినిబ్ 16 మిల్లీగ్రాముల మాత్ర మొదటి 14 రోజులు రోజుకు రెండుసార్లు, తరువాత ఒకసారి చొప్పున పెట్టాం. నెలనెలా అయ్యే ఖర్చు తక్కువేమీ కాదు, ఆ మాట ముందే చెప్పాను. చెవి కడగడానికి మత్తు, కల్చర్, ఎక్స్‌రే కలిపి డిసెంబరులో పెట్టిన డబ్బును ఆయనే లెక్కవేసుకుని ఒప్పుకున్నారు. కర్ణభేరి మూసుకున్న తరువాత రెండు చెవుల్లోనూ వారానికి రెండు రోజులు స్టెరాయిడ్ చుక్కలు, వారానికి ఒకసారి కడుగుడు కొనసాగుతోంది. ఈత మీద నిషేధం ఎత్తేశాను. చెరువులోంచి వచ్చిన రోజున మాత్రం తేమను ఆరబెట్టే ద్రావణంతో చెవి కడగాలి.

తొమ్మిది నెలలు గడిచాయి. ఈ మధ్యలో ఒక్కసారి, ఆగస్టు ముసురులో, ఎడమ చెవిలో ఈస్టు మళ్ళీ తలెత్తింది. గోకడం మొదలు కాకముందే పెద్దావిడ వాసన పట్టి పంపించారు. స్లైడులో ఫీల్డుకు ఏడు కణాలు, ఏడు రోజుల మందుతో రెండుకు దిగాయి. కుడి కాలువ ఎడమదానికంటే ఇప్పటికీ ఇరుకుగానే ఉంది, అది మారకపోవచ్చు. కుడి వైపు నుంచి చిటిక వేస్తే ఇంకా కదలడం లేదు గానీ, స్టీలు కంచం చప్పుడైతే అటు తిరుగుతోంది.